ఇంద్రమ్మ ఇంటి నడిమి గోడ

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనుక వీధిలో తెల్లవారడమంటే ముందుగా మల్లేశయ్య కిరాణా కొట్టు షట్టరు లేవడం, ఆ తరువాత పాల ప్యాకెట్ల ట్రేలు దిగడం, ఆపైన ఇంద్రమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతూ ఆ రోజుకు సరిపడా తిట్లను వీధికంతటికీ పంచిపెట్టడం. ఈ క్రమానికి ఏనాడూ భంగం కలగలేదు. రెండు సంచులు, ఒక మూట, ఎనిమిదేళ్ల కూతురు భాగ్యతో సోలాపూర్ నుంచి బస్సులు మారి వచ్చిన సునంద ఆ వీధిలో అడుగుపెట్టిన ఉదయాన కూడా, ఇంద్రమ్మ చెంబు ఖాళీ అయ్యేదాకా ఆమెను నిలబెట్టే ఉంచింది.

"కిరాయికి గది ఉన్నదన్నరు, పెద్దమ్మా," అంది సునంద.

ఇంద్రమ్మ పక్క తలుపు తీసి చూపింది. "గిదే. పండుకుంటే కాళ్లు వాకిట్ల ఉంటయ్. అందుకే కిరాయి తక్కువ."

"ముడుచుకుంటం."

"గోడ జరుగుతదని ఎవలన్న చెప్పిన్రా? ఆశ పెట్టుకోకు. ఇనుప బీరువ అడ్డం పెట్టిన. ఎట్ల జరుగుతదో చూస్త."

"గోడతో నాకేం పని? తలుపుకు గొళ్లెం ఉంటే చాలు," అని సునంద మూట లోపల పెట్టింది.

ఆ ఇంటిని రెండు భాగాలుగా విడదీసే నడిమి గోడ అవసరాన్ని బట్టి జరుగుతుందన్న సంగతి వీధిలో అందరికీ తెలిసిందే. ఇంద్రమ్మ కొడుకులు ఎదుగుతున్న రోజుల్లో అది అద్దె భాగంలోకి చొచ్చుకుపోయింది. వారు ఒక్కొక్కరే ఇల్లు వదిలి వెళ్లాక తిరిగి వెనక్కు వచ్చింది. అది దాటిపోయేటప్పుడు నేలమీది వస్తువు నేలమీదే ఉండిపోతుంది. ఒకసారి అద్దెకున్న దర్జీ కుట్టుమిషను ఇంద్రమ్మ వైపు మిగిలిపోతే, ఇద్దరు మనుషులు దాన్ని ఎత్తి వీధి గుమ్మం గుండా తిప్పి తెచ్చారు. ఇంటి పన్ను కొలతలకు వచ్చిన ఉద్యోగి సైతం, "గోడ ఇప్పుడు ఎక్కడున్నది?" అని అడిగిన మీదటే టేపు తీసేవాడు. ఆ తరువాత అద్దె భాగం చాలాకాలం ఖాళీగా పడి ఉండడంతో గోడ అటు జరిగి, ఇంద్రమ్మకు విశాలమైన గదిని మిగిల్చింది. ఆ విశాలాన్ని వదులుకోవడం ఇష్టంలేక, అంత ఎత్తు ఇనుప బీరువాను గోడ దాటలేదన్న నమ్మకంతో ఆమె దాన్ని అడ్డంగా ఆనించింది.

భర్త కాలం చేశాక సునంద సోలాపూర్‌లో బావగారు రత్నాకర్ ఇంట్లోనే ఉండేది. ఆయన దుర్మార్గుడు కాడు. తమ్ముడి బిడ్డను సొంత బిడ్డలా చూసుకున్నవాడే. అయితే సునందకు ల్యాబ్ టెక్నీషియన్ చదువు ఉంది, సాగర్ రోడ్డు మీది ఒక ప్రైవేటు దవాఖానలో ఉద్యోగం దొరికింది, ఒకరి నీడన బతకనవసరం లేదన్న నిబ్బరమూ ఉంది. రత్నాకర్ ఒక్క షరతు మీద సాగనంపాడు. దసరా లోపల తాను వచ్చి చూస్తాడు. బడి విడిచాక, తల్లి డ్యూటీ నుంచి వచ్చేదాకా పిల్ల దగ్గర ఇంట్లో ఒక పెద్ద మనిషి ఉండాలి. లేకుంటే భాగ్యను తనతో సోలాపూర్‌కు తీసుకుపోతాడు. ఆ మాట న్యాయమైనదేనని సునందకు తోచింది. అందుకే ఒప్పుకుంది.

పెద్ద మనిషి గోడకవతలే ఉంది. వారం తిరగకుండానే సునంద అడిగింది.

"సాయంత్రాలు జర మా దిక్కు వచ్చి కూసుంటరా, పెద్దమ్మా?"

"కిరాయికిచ్చిన గడప నేను తొక్క," అంది ఇంద్రమ్మ.

"పోనీ, పిల్లనే మీ దిక్కు పంపనా?"

"వద్దు."

ఆ రెండు నియమాలకూ మూలం మల్లేశయ్య చెప్పాడు. ఒకప్పుడు అద్దెకున్నవారి పసివాడిని ఇంద్రమ్మ పురిటినాటి నుంచీ ఎత్తుకు పెంచింది. వాడికి మాటలు వచ్చాక తల్లిదండ్రులు అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. "అప్పటి సంది అక్క ఆ గడప ముట్టలే. కిరాయిదార్ల పిల్లలను గుమ్మంల అడుగు పెట్టనియ్యలే," అన్నాడాయన. సునంద మళ్లీ అడగలేదు.

భాగ్య బడి నుంచి వచ్చి, తల్లి చెప్పినట్టు గొళ్లెం వేసుకుని, నడిమి గోడకు వీపు ఆనించి కూర్చుని మరాఠీలో ఎక్కాలు వల్లించేది. "బే ఏకే బే, బే దునే చార్..."

మూడవనాడు గోడలోంచి కేక వినబడింది. "గదేం ఎక్కమే? బే అంట, మేక లెక్క!"

"మా సోలాపూర్ బళ్లె గట్లనే చెప్పిన్రు," అంది భాగ్య.

"ఇది సోలాపూరా? రెండొకట్ల రెండు, రెండు రెళ్ల నాలుగు. అను!"

భాగ్య అంది. తప్పులు చెప్పింది, తిట్లు తింది, ఎదురు తిట్టింది కూడా. తిట్టుకు తిట్టు అందుకునే మనిషి దొరికినందుకు ఇంద్రమ్మ గొంతులో కొత్త జీవం వచ్చింది. కొన్నాళ్లకు ఆమె మల్లేశయ్యను పిలిచి, బీరువాను గోడ దగ్గర నుంచి జరిపించి, దాని స్థానంలో తన మంచం వేయించింది.

"ఎందుకక్కా, మంచిగనే ఉండె గదా?" అన్నాడాయన రొప్పుతూ.

"చెదలు పడుతున్నయ్."

"ఇనుప బీరువకా?"

"నువ్వు మోసెటానికొచ్చినవా, ముచ్చట పెట్టెటానికొచ్చినవా?"

అడ్డు తొలగినా గోడ జరగలేదు. తల్లీకూతుళ్లు కాళ్లు ముడుచుకునే పడుకున్నారు. సునంద జీతంలోంచి ఒక స్టవ్వు, భాగ్యకు కొత్త చెప్పులు కొన్నది. దవాఖానలో నర్సులు ఆమె సోలాపూర్ యాసను అనుకరించి నవ్వితే తానూ నవ్వింది. దారి తప్పకుండా నడుస్తున్నానన్న ధైర్యం ఆమెకు ఎన్నడూ సడలలేదు. రత్నాకర్ షరతు ఒక్కటే కాలిలో ముల్లులా మిగిలింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన రానే వచ్చాడు. మల్లేశయ్య కొట్టు నుంచి అరువు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్లు స్టవ్వుకు తగలకుండా సర్దుకుని కూర్చున్నాడు. చాయ్ తాగాడు. భాగ్య పుస్తకాలు తిరగేసి మెచ్చుకున్నాడు. ఆ పిమ్మట గ్లాసు కింద పెట్టాడు.

"గది చిన్నది. దాని గురించి నేనేమన. సాయంత్రం పూట పిల్ల దగ్గర ఎవలుంటరు?"

అబద్ధమాడడం సునందకు చేతకాదు. "గోడకవతల పెద్దమ్మ ఉంటది."

"గోడకవతలి మనిషి ఇవతలికి వస్తదా?"

గోడకవతల మంచం కిర్రుమంది.

"పిల్లకు జరమొస్తే నీళ్లిచ్చెదెవలు? నువ్వు తప్పు చేసినవని అంటలేను, సునందా. మాట అనుకున్నం గదా?"

"అనుకున్నం, బావా. పంపుత." సునంద లేచి నిలబడింది. "కానీ నేను తిరిగి రాను. నా కొలువు ఇక్కడ, నా ఇల్లు ఇక్కడ. పిల్లను మళ్ల తెచ్చుకునే దినం తొందర్లనే వస్తది."

ఆమె సంచి తీసి భాగ్య బట్టలు మడత పెట్టసాగింది. అప్పుడు గోడలోంచి ఇంద్రమ్మ గొంతు లేచింది.

"ఓ సోలాపూర్ పెద్దమనిషీ! పిల్ల దగ్గినా నాకు వినబడుతది. తుమ్మినా వినబడుతది. నేను లేనా?"

రత్నాకర్ గోడ వైపు తిరిగి మర్యాదగా చేతులు జోడించాడు. "ఉన్నరమ్మా. ఒక్కసారి ఇటొచ్చి ఆ మాట చెప్పుండ్రి. నేను ఇప్పుడే లేచిపోత."

గోడకవతల మంచం మరొకసారి కిర్రుమంది.

"కిరాయికిచ్చిన గడప నేను తొక్క," అంది చివరకు ఇంద్రమ్మ. ఎన్నడూ లేనంత మెల్లగా అంది.

రత్నాకర్ నిట్టూర్చాడు. భాగ్య పెద్దల వంక మార్చి మార్చి చూసి, తనకు తెలిసిన పని ఒక్కటే ఉన్నట్టు వెళ్లి గోడకు వీపు ఆనించి కూర్చుంది. ఎక్కం మొదలుపెట్టింది.

"ఏడొకట్ల ఏడు... ఏడు రెళ్ల పద్నాలుగు..."

సునంద సంచి జిప్పు లాగింది.

"ఏడేళ్ల నలభై తొమ్మిది. ఏడెనిమిదులు యాభై నాలుగు..."

"యాభై ఆరు!"

ఆ కేక గోడలోంచి రాలేదు. భాగ్య నెత్తి మీది నుంచి వచ్చింది. వీపుకు ఆనిక పోయి వెనక్కు వాలిన పిల్ల తల ఇంద్రమ్మ మోకాళ్ల మీద ఆగింది. గోడ ఆమె మంచాన్ని దాటి, ఆమె పరచుకున్న బొంతను దాటి, కిటికీని కూడా దాటి, అవతల బీరువాకు ఇవతలగా వెళ్లి స్థిరంగా నిలబడింది. కిటికీ వెలుతురు నేరుగా స్టవ్వు మీద పడింది.

ఇంద్రమ్మ మొదట తన పాదాలను చూసుకుంది. అవి మంచం మీదే ఉన్నాయి.

"నేను గడప తొక్కలే," అంది గట్టిగా. "అందరు చూసిన్రు గదా?"

"చూసినమమ్మా," అన్నాడు రత్నాకర్. ఇంటి గోడ జరిగినప్పుడు వచ్చిన చుట్టం చేయవలసినట్టే, కుర్చీ ఒక పక్కకు తీసి ఆమెకు దారి వదిలాడు. "మరి మీ తలుపో?"

"అటే పాయె. ఇగ ఏడికి పోవాలన్నా ఈ తలుపే."

"సాయంత్రాలు?"

"చెవులల్ల దూది పెట్టుకున్నవా? ఈ తలుపే అంటున్న గదా."

ఆమె చెయ్యి అప్పటికే భాగ్య తలలో చిక్కు వెతుకుతోంది. ఎందుకో తల పక్కకు తిప్పుకుంది. సునంద ఆమె వైపు చూడకుండా ఒక గ్లాసు కడిగి చాయ్ పోసింది. ఆ క్షణంలో చూడకపోవడమే మర్యాద.

రత్నాకర్ సంచి అందుకున్నాడు. సునంద వేళ్లు పిడి మీద బిగుసుకున్నాయి. ఆయన జిప్పు తీసి, పిల్ల గౌన్లను ఒక్కొక్కటిగా బయట పెట్టి, కిటికీ పక్కనున్న గూట్లో తనకు చేతనైనట్టు సర్దసాగాడు.

"ఏడు తొమ్మిదులు?" అంది ఇంద్రమ్మ, చాయ్ గ్లాసు ఊదుకుంటూ.

"అరవై మూడు," అన్నాడు రత్నాకర్, చేతిలో గౌనుతో, అన్యమనస్కంగా.

"నిన్నెవలడిగిన్రయ్యా? పిల్ల చెప్పాలె."