చిక్కిపోతున్న అంకెలు

బడిలో కంప్యూటర్ తెరలు తీసేసి మళ్లీ నల్లబల్లలు బిగించారు. ఇకమీదట పిల్లలూ చేత్తోనే రాయాలి, టీచర్లూ చేత్తోనే రాయాలి. పదిహేనేళ్లుగా మీటలు నొక్కుతూ పాఠం చెప్పిన లెక్కల టీచరు సుద్దముక్కను సరదాగానే పట్టుకుంది.

మూడోవారంలో వెనకబెంచీ పిల్ల లేచింది. "టీచర్, మొదట పెద్దగానే రాస్తున్నారు. చివరికొచ్చేసరికి చీమల్లా అయిపోతున్నాయి. కనపడట్లేదు."

తరగతంతా గొల్లుమంది. తానూ నవ్వబోతూ టీచరు బల్లవైపు తిరిగింది. ప్రతి వరుసా అంతే. ఎడమవైపు అరచేతంత అంకెలు, కుడివైపు ఆవగింజలు.

పెద్దన్నయ్య గుర్తొచ్చాడు. ఆయన సంతకం ఇలాగే చిక్కిపోయింది. తర్వాత అడుగు చిన్నదైంది, గొంతు చిన్నదైంది. చివరి రెండేళ్లూ వదినే అన్నం తినిపించింది.

ఆ రోజు నుంచి ఆమె బల్ల జోలికి పోలేదు. "రామ్మా, నువ్వు చెయ్యి" అని పిల్లల్ని పిలిచేది. ఇంట్లో తలుపేసుకుని ఒకే వాక్యం పేజీలకొద్దీ రాసేది. పట్టుబట్టి రాస్తే నాలుగు మాటలు నిలిచేవి. ఐదో మాట నుంచి చెయ్యి ఆమె చెప్పినట్టు వినేది కాదు. భర్త అడిగితే, "ప్రశ్నపత్రం తయారుచేస్తున్నా" అనేది.

చేతిరాత నేర్పడానికి వచ్చిన ముసలి మాస్టారు ఒక మధ్యాహ్నం ఆమె హాజరుపట్టీ తిరగేశాడు.

"ఏమీ అనుకోకమ్మా. నెల మొదట్లో నీ రాత, ఇప్పటి రాత పక్కపక్కన పెట్టి చూశావా?"

"చూశానండీ."

"ఇంట్లో చెప్పావా?"

"చెబితే నిజమైపోతుందేమోనని..." ఆమె హాజరుపట్టీ మూసేసింది.

"చెప్పకపోతే ఆగుతుందా? ఇవాళే చెప్పు."

ఆ సాయంత్రమే చెప్పింది. మర్నాడు భర్తే ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అన్నయ్య సంగతంతా విని డాక్టరమ్మ ఆమెను నడిపించింది, వేళ్లు ఆడించమంది, ఒక వాక్యం రాయమంది.

"మీ అన్నయ్యగారికొచ్చిన నరాల జబ్బేనండీ. ఆయనకి ఎప్పుడు తెలిసింది?"

"మెట్లమీద పడ్డాక."

"మీరు చాలా ముందే వచ్చారు. మందులు వాడితే ఎన్నో ఏళ్లు పని చేసుకోవచ్చు."

"ఎన్నేళ్లు?"

డాక్టరమ్మ మందుల చీటీ రాయడం మొదలుపెట్టింది. భర్త టీచరు భుజం గట్టిగా పట్టుకున్నాడు.

సోమవారం హెడ్మాస్టరుకు తానే చెప్పింది. ఆయన పాఠాలు మాన్పించలేదు. మందులతో అంకెలు కాస్త నిలదొక్కుకున్నాయి. భయం మాత్రం పోలేదు. సుద్దముక్క తీసుకున్న ప్రతిసారీ వరుస చివరి అంకెను తొలి అంకెతో పోల్చి చూసుకుంటుంది. అయినా రాస్తూనే ఉంది.