కుడి చివరి పేజీ

మా రేవులో కంప్యూటర్‌ని లొంగదీసిన మొదటి మనిషిని నేనే. ఈ ఖమైస్ గుమ్మం తొక్కాడంటే నైలా నెట్ షాపులో తెరలన్నీ సర్దుకుని కూర్చునేవి. నేనొక్కసారి దగ్గితే చాలు, చెల్లాచెదురైన పేజీలు వాటంతటవే వరుస కట్టేవి. మట్టి కుండల్లో దూరిన ఆక్టోపస్‌ని బుజ్జగించి బయటికి రప్పించిన చేతులివి. ఒక డబ్బాలో దూరిన కాగితాలు నాకో లెక్కా?

సలూహా వచ్చిన రోజు కూడా నేను షాపులోనే ఉన్నాను, ఫ్యాను కింద నా కుర్చీలో. సలూహా ధావ్ భార్య. స్పంజి తీయడానికి వెళ్ళిన ధావ్ పడవ గాలికి తిరగబడింది. మనిషి మన ఒడ్డుకి రాలేదు. సముద్రం అవతల, పరాయి దేశపు ద్వీపంలో తేలాడు. అక్కడి శవాల గదిలో తీసిన ఫోటోలో, మోచేతి మీద గాలం గీరిన మచ్చ చూసి ఆమె గుర్తుపట్టింది. గుర్తుపడితే వాళ్ళకి చాలదు. అర్జీ, గుర్తింపు కార్డు, పెళ్లి కాగితం, శవం నమూనా ధావ్ తండ్రి రక్తంతో సరిపోయిందని మన ఆసుపత్రి ఇచ్చిన పరీక్ష కాగితాలు, అన్నీ ఒకే ఫైలుగా, అదే వరుసలో, బుధవారం సాయంత్రంలోగా పంపాలి. అర్జీ మొదటి పేజీగా ఉండాలి. లేకపోతే గురువారం పొద్దున అక్కడే, పేరు లేకుండా, ఒక నంబరు కింద పూడ్చేస్తారు.

ఆమె వచ్చింది బుధవారం పొద్దున్నే. వెనకాలే ధావ్ తండ్రి హాజీ మీలాద్, చేతికర్ర టకటకలాడించుకుంటూ.

"నైలా, నాకు ఆయన ఇక్కడ కావాలి," అంది సలూహా. "నేను నడిచి వెళ్ళగలిగే చోట."

నైలా కాగితాలు స్కాన్ చేసింది, ఆసుపత్రి పంపిన ఫైలుని వాటికి కలిపింది, పేజీలు వరుసలో పెట్టి భద్రపరచబోయింది. కుదరదంది కంప్యూటర్. ఈ ఫైలు ఇంకోచోట తెరిచి ఉంది, మూసేదాకా మార్చనివ్వను అంది. నైలా తన తెర మీద అన్నీ మూసింది. మళ్ళీ అదే మాట. షాపంతా తిరిగి ఒక్కో తెరా చూసుకుంటూ నా దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"బాబాయ్, నీ తెర మీద ఉన్నదేంటి?"

"ఏదో కాగితాలమ్మా. సాయం చేద్దామని తెరిచాను."

"ఇంత సాయం చేసేవాడివి, ఆ మౌసుని కనీసం సరైన వైపు తిప్పి పట్టుకోకూడదూ?"

అదండీ, నేను లొంగదీసిన కంప్యూటర్ కథ. దగ్గితే వరుస కట్టే పేజీలు నా వల్లే గంటసేపు కదలకుండా కూర్చున్నాయి. హాజీ మీలాద్ కూడా నవ్వాడు. కొడుకు పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. అందుకని ఆ మౌసుని ఇంకాసేపు తలకిందులుగానే పట్టుకున్నాను.

నాది మూసేశాక ఫైలు భద్రమైంది. కానీ ఆసుపత్రి పేజీలు మాత్రం చోటు కదలలేదు. వాటికి తాళం ఉంది. చదువుకోవచ్చు గానీ జరపడానికి వీల్లేదు. నైలాకి దానికో ఉపాయం తెలుసు. ప్రింటు తీస్తున్నట్టు కంప్యూటర్‌ని నమ్మించి, కాగితానికి బదులు ఇంకో ఫైలు పుట్టించింది. కొత్త ఫైలుకి తాళం లేదు, పేజీలు హాయిగా కదిలాయి. పంపింది. అవతలివాళ్ళ కంప్యూటర్ క్షణంలో తిప్పికొట్టింది. ఆసుపత్రి ముద్ర చెల్లదట. ఆ ముద్ర కాగితం మీద గుద్దింది కాదు, ఫైలు లోపల కట్టిన ముడి లాంటిది. పేజీని కదిలించామా, ముడి ఊడిపోతుంది.

"కదిలిస్తే ముద్ర పోతుంది, కదిలించకపోతే వరుస రాదు," అంది నైలా, రెండు చేతులతో తల పట్టుకుని.

దానికి దారి చూపించింది హాజీ మీలాద్. మన దగ్గర ఏ కాగితాన్నీ ఉన్నపాటున ఎవరూ నమ్మరు కదా. నకలు తీసి మునిసిపాలిటీకి పట్టుకెళితే, ఇది అసలుకి సరైన నకలే అని వెనకవైపు ముద్ర గుద్దిస్తారు. ఫైలులో ముడి ఊడితే ఊడింది, కాగితం మీద ముద్ర ఉంటే వాళ్ళు ఒప్పుకోరా అన్నాడాయన. నైలా ఆ ద్వీపం ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కుంది. ఒప్పుకుంటామన్నారు.

ఆసుపత్రి కాగితాల నకళ్ళు పట్టుకుని నేనూ సలూహా మునిసిపాలిటీకి పరిగెత్తాం. ముద్రలేసే గుమాస్తా ఎంత నెమ్మదస్తుడంటే, ఆయన ముద్ర పైకెత్తాక కిందికి దిగేలోపు ఒక ఈగ వచ్చి దాని మీద వాలింది, గుడ్లు పెట్టింది, పిల్లల్ని కూడా చూసుకుని వెళ్ళిపోయింది. ఆఖరి కాగితం వెనకవైపు ఖాళీ మీద ముద్ర పడేసరికి సలూహా పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. చెవి ఒగ్గి వింటే, గుమాస్తాని తిడుతోంది.

మేము తిరిగొచ్చేసరికి నైలా ఎప్పుడూ వాడే ప్రోగ్రాం బిగుసుకుపోయి ఉంది. అది అరబ్బీలో ఉండేది. అందులో పేజీలు మన అరబ్బీ పుస్తకంలోలా కుడి చివర మొదలై ఎడమకి సాగుతాయి. అది ఎంతకీ తెరుచుకోకపోతే, నెట్‌లో పేజీలు సర్దే ఇంకోదాన్ని వెతికి పట్టుకుంది. అది ఫ్రెంచి వాళ్ళది. తెర మీద మీటలన్నీ ఫ్రెంచిలో ఉన్నాయి. నైలాకి ఆ భాష నాకు ఆక్టోపస్ వచ్చినంత బాగా వచ్చు. ముద్రలు పడ్డ కాగితాలు స్కాన్ చేసి, చకచకా పేజీలు సర్దేసింది. అర్జీని లాగి కుడి చివర పెట్టింది. దాని పక్కన గుర్తింపు కార్డు, ఆ పక్కన పెళ్లి కాగితం, తర్వాత ఆసుపత్రివి. అన్నిటికంటే ఎడమన, మునిసిపాలిటీ ముద్ర తప్ప ఇంకేమీ లేని ఆ వెనకవైపు పేజీ.

మేమందరం ఆమె భుజాల మీంచి చూస్తున్నాం. హాజీ మీలాద్ కర్ర కొనతో కుడి నుంచి ఎడమకి ఒక్కో పేజీ చూపిస్తూ సరిచూశాడు. అర్జీ, కార్డు, పెళ్లి, రక్తం, ముద్ర. సరిగ్గా ఉందన్నాడు. సరిగ్గా ఉందని నేనూ అన్నాను. ఈసారి అవతలి కంప్యూటర్ తిప్పికొట్టలేదు. అందింది అని పచ్చటి గుర్తు వేసింది.

నైలా బాదంపప్పులు వేసిన టీ పోసింది. హాజీ మీలాద్ సరాసరి శ్మశానం దిబ్బకి వెళ్ళి, తన తల్లి పక్కన గొయ్యి తవ్వించాడు. అక్కడ ఇసుక ఊరుకోదు, తవ్విన కొద్దీ జారుతూనే ఉంటుంది. చుట్టూ తాటాకు తడికలు పాతించి, జారకుండా నిలబెట్టాడు.

గురువారం కబురు లేదు. మధ్యాహ్నం నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాం, ఎవరూ ఎత్తలేదు. శుక్రవారం నమాజు అయ్యాక నైలా కంప్యూటర్‌కి ఉత్తరం వచ్చింది. ఫైలు మొదటి పేజీలో అర్జీ లేదు, పేరు లేదు, ముద్ర ఒక్కటే ఉంది, అందుకని ఎవరివో తెలియని ఫైళ్ళలో పెట్టాం, శవాన్ని నియమం ప్రకారం ఖననం చేశాం, ఫలానా నంబరు.

నైలా ఆ ఫ్రెంచి తెర మళ్ళీ తెరిచింది. చాలాసేపు చూసింది. చివరికి వేలు ఎడమ చివర పెట్టింది. ఫ్రెంచి వాళ్ళ లెక్కన మొదలు అక్కడ. మేము కుడి నుంచి వరుసగా పేర్చిందంతా వాళ్ళ ముందు తోకనుంచి తలకి నిలబడింది. ముద్ర పేజీ మొదటిది. ధావ్ పేరున్న అర్జీ ఆఖరిది. అంతదాకా ఎవరూ తిప్పి చూడలేదు.

"నాకు ఫ్రెంచి వచ్చు," అంది నైలా. ఆ ఒక్క మాటే, మళ్ళీ మళ్ళీ. "నాకు ఫ్రెంచి వచ్చు కదా."

సలూహా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "నీ తప్పు కాదే పిల్లా. మనందరి కళ్ళూ కుడి నుంచే మొదలవుతాయి. ఊరుకో," అంది. తర్వాత ఆ నంబరు పెద్ద అక్షరాల్లో అచ్చు వేసివ్వమని అడిగింది.

ఫైలుని మళ్ళీ సరిచేసి పంపాం. అది పని చేసింది. కానీ పూడ్చినవాణ్ణి తీయాలంటే అక్కడి కోర్టు ఒప్పుకోవాలట. ఆ కోర్టు ఇంకా ఆలోచిస్తూనే ఉంది. మన దిబ్బ మీది గొయ్యిని హాజీ మీలాద్ పూడ్చనివ్వడం లేదు. రోజూ వెళ్ళి జారిన ఇసుకని చేటతో ఎత్తిపోస్తాడు. సలూహా నంబరు కాగితాన్ని తడికకి కట్టింది. ఎండకి అంకెలు వెలిసిపోయినప్పుడల్లా వచ్చి ఇంకోటి అచ్చు వేయించుకుంటుంది. నైలా అచ్చు వేసిస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు.

ఇందులో నేను కల్పించింది ఈగ సంగతి అనుకుంటున్నారేమో. అది నిజమే, కావాలంటే వెళ్ళి గుమాస్తాని అడగండి, రేపటికల్లా నోరు తెరుస్తాడు. నేను కల్పించింది ఒక్కటే. సలూహా నైలా భుజం మీద చెయ్యి వేయలేదు. నీ తప్పు కాదనీ అనలేదు. నంబరు తీసుకుని వెళ్ళిపోయింది. నైలా ఇప్పటికీ తలుపు చప్పుడైనప్పుడల్లా తలెత్తి ఆ మాట కోసమే చూస్తుంది. ఎవరో ఒకరు అనాలి కదా అని, నేనే అన్నాను.