పెద్దమ్మ చెయ్యి

మధ్యాహ్నం కంచంలో అన్నం కలిపాక ఎస్తేరు రాణి వెంటనే తినదు. ఫోనుని చింతపండు డబ్బాకి ఆనించి, తెర మీద మొహం కనబడేదాకా కూర్చుంటుంది. యాంగోన్‌లో ఎండ నడినెత్తికొచ్చే వేళకి స్వీడన్‌లో చీకటి కూడా విడవదు. అక్కడ వెస్టరోస్ అనే ఊళ్ళో, దీపాలు వేసుకున్న వంటింట్లో, నాలుగేళ్ళ ప్రిస్కా కుర్చీ ఎక్కి నోరు తెరుస్తుంది. ఇక్కడ ఎస్తేరు పప్పన్నం ముద్ద చేసి ఫోను దగ్గరికి తీసుకెళ్ళి "ఆఁ" అంటుంది. అక్కడ ఆమె చెల్లెలు ఫెయిత్ సరిగ్గా అప్పుడే చెంచా పిల్ల నోట్లో పెట్టాలి. కాస్త ముందూ వెనకా అయిందా, పిల్ల మూతి బిగించేస్తుంది. మళ్ళీ పెద్దమ్మ బతిమాలాలి, మళ్ళీ మొదలు.

ప్రిస్కాని కన్నది ఫెయితే. కాదని ఎవరూ అనలేదు. పెంచింది మాత్రం ఎస్తేరు. ఫెయిత్ నర్సు, ఆమె భర్త టోనీ ఓడల్లో ఇంజనీరు. ఒకరికి నైట్ డ్యూటీలు, ఒకరికి సముద్రం. మింగళ తౌంగ్‌న్యున్ పేటలో నాలుగో అంతస్తులో, అదే ఇంట్లో, కుట్టుమిషను ముందు కూర్చునే పెళ్ళికాని అక్క ఉండగా పిల్లని ఇంకెవరు చూస్తారు? కాన్పు సెలవు అయిపోయిన రోజున ఫెయిత్ పిల్లని అక్క ఒళ్ళో పెట్టి డ్యూటీకి పోయింది. ఆ ఒడి నుంచి పిల్ల మళ్ళీ దిగితే ఒట్టు.

పూటపూటకీ బాల్కనీలో అదొక వేడుక. స్టేషను వైపు రైలు కూత వినబడితే రైలు ముద్ద. కింద సత్తిబాబు టీకొట్టులో బల్ల లాగిన చప్పుడైతే సత్తిబాబు ముద్ద. అందరికంటే ముందు యేసయ్య ముద్ద, అది చిన్నది. నాలుగేళ్ళు వచ్చినా పిల్ల కంచంలో చెయ్యి పెట్టి ఎరగదు. పెట్టబోతే ఎస్తేరు ఊరుకునేది కాదు, మట్టి చేతులని, గోళ్ళని ఏదో ఒకటి చెప్పేది. చర్చిలో గ్రేసమ్మ ఓసారి చూసి, పిల్లకి తినడం అలవాటు చెయ్యవే, పెళ్ళయ్యాక కూడా నువ్వే పెడతావా ఏటి అని నవ్వింది. ఎస్తేరు కూడా నవ్వింది. పెళ్ళయ్యాక కూడా పెట్టడానికి ఆవిడకేమీ అభ్యంతరం లేదు, ఆ మాట పైకి అనలేదంతే.

అంతలో టోనీకి వెస్టరోస్‌లో ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. సైన్యం వచ్చాక ఇక్కడ బర్మాలో పరిస్థితి ఎలా ఉందో అందరికీ తెలిసిందే, రమ్మన్న దేశం ఏదైనా వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోతున్నారు. భార్యకి కాగితాలొచ్చాయి, ప్రిస్కాకి వచ్చాయి, చంకలో ఉన్న దాని తమ్ముడు ఆల్బర్ట్‌కీ వచ్చాయి. మా వదినని కూడా తీసుకురావచ్చా అని టోనీ పాపం రెండు మూడు చోట్ల అడిగాడు. అక్క కుటుంబం కిందకి రాదట. ఈ రూలు రాసినవాడెవడో వాడికి తోడబుట్టినవాళ్ళు లేరని ఎస్తేరు తేల్చేసింది. మింగళాడోన్ ఎయిర్‌పోర్టులో ప్రిస్కా ఏడవలేదు. పెద్దమ్మ వెనక టాక్సీలో వస్తుందని ఎవరో చెప్పారు, పిల్ల నమ్మింది. ఆ ఎవరో ఎస్తేరే.

తర్వాత స్వీడన్ అంటే ఎస్తేరుకి ఫోనులో పట్టినంత మేర. అక్కడ బడికి వెళ్ళే పిల్లలకి వానైనా మంచైనా రబ్బరు బట్టలు తొడిగి బయటికి తోలేస్తారు. ఏడాదిన్నర ఆల్బర్ట్‌ని మంచులో తోపుడుబండిలో పడుకోబెట్టిన ఫోటో చూసినప్పుడు ఎస్తేరు అనరాని మాటలు అనేసి, సాయంత్రం ప్రార్థనలో క్షమాపణ అడిగింది. టీచరుని టీచరు అనకూడదు, లేనా అని పేరు పెట్టి పిలవాలి. కొత్తలో తల్లి కూడా బడిలో కూర్చోవాలని పద్ధతట. ఫెయిత్ మూరెడు కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, టీచర్లు చూడనప్పుడు పిల్లకి తినిపించి వచ్చేది. పక్కింటాయన మెట్ల మీద మనిషి అలికిడి ఉంటే తలుపు తియ్యడట, మెట్లు ఖాళీ అయ్యాకే బయటికి వస్తాడట. ఏటే, ఆయనతో ఏవైనా గొడవ పడ్డావా అని అడిగింది ఎస్తేరు. లేదప్పా, ఇక్కడ అందరూ అంతే అంది ఫెయిత్.

చలికాలం ముదిరాక ఫెయిత్‌కి భాష క్లాసులు మొదలయ్యాయి. పొద్దున్నే ఇద్దరు పిల్లల్నీ బడిలో దింపి, బస్సు పట్టుకోవాలి. టోనీ ఇంకా ముందే పోతాడు. చెంచా పట్టుకుని ముద్దముద్దకీ ఫోనులోకి చూస్తూ కూర్చుంటే ఎక్కడ తెములుతుంది? ప్రిస్కా తనంతట తను తినడం నేర్చుకోవాల్సిందే అంది ఫెయిత్. నువ్వు చెబితేనే వింటుంది, నువ్వే నేర్పప్పా అంది. "అది నేర్సుకుంటే రోజూ ఈ ఫోను గోల ఉండదు కదా. ఆదివారం తీరిగ్గా మాటాడుకుందాం."

ఫెయిత్ ఆ మాట ఏ దురుద్దేశంతోనూ అనలేదు. పాలగిన్నె పొంగుతుంటే అటు పరుగెడుతూ అంది. ఇక్కడ ఎస్తేరు మాత్రం కలిపిన అన్నం అలాగే పక్కన పెట్టేసింది. రోజంతా ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు, కరెంటు పోతే అదీ లేదు. బాల్కనీ నుంచి వేలాడే తాడుకి ఎవరైనా కుట్టుబట్టల సంచీ తగిలించి గంట లాగితే, పైకి లాక్కోవడమే. మనిషి మొహం కూడా కనబడదు. ఆ మధ్యాహ్నం పూటే ఆవిడకి రోజు. అది కూడా ఆదివారానికి పోతే మిగతా ఆరు రోజులూ ఏం చేసుకోవాలి? నేర్పనని చెల్లెలితో అనలేదు, నేర్పడానికి మనసొప్పలేదు. అప్పుడు తోచింది ఆవిడకి ఒక ఉపాయం.

మర్నాడు ఫోను వెలగగానే, ఫెయిత్ ఆల్బర్ట్‌కి స్నానం చేయించడానికి వెళ్ళిందాకా ఆగి, మెల్లగా చెప్పింది.

"ఓలే అమ్మలూ, నీ కుడిసెయ్యి ఎవులిదో తెలుసా? నాదే. నువ్వు ఇమానం ఎక్కినప్పుడు నీతో పంపీసినాను."

ప్రిస్కా చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. వాసన కూడా చూసింది. తర్వాత ఎంతో మర్యాదగా దాన్ని కంచం పక్కన పెట్టి, ఏం చేస్తుందో చూద్దామన్నట్టు కూర్చుంది.

"పెద్దమ్మ సెయ్యీ, రైలు ముద్ద ఎత్తు," అంది ఎస్తేరు. చెయ్యి ఎత్తింది. సత్తిబాబు ముద్ద అంది. అదీ ఎత్తింది. స్నానాల గదిలోంచి వచ్చిన ఫెయిత్, కూతురు తన చేత్తో తను తినడం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎలా నేర్పావప్పా అని మురిసిపోయింది. ఇలా ఫోను పిల్ల ముందు పెట్టి వెళ్తే తన పనులు తను చూసుకోవచ్చు కాబట్టి, ఆదివారం మాట మళ్ళీ ఎత్తలేదు. ఎస్తేరు లోపల పండగ చేసుకుంది. చేసింది మంచి పని కాదని ఆవిడకి తెలుసు. కానీ ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు తనవే అయ్యాయి, అంతకు మించి ఆలోచించడం ఆవిడ మానుకుంది.

ఓ సాయంత్రం, ఎప్పుడూ రాని వేళలో ఫోను మోగింది. ఎస్తేరు జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. అవతల ఫెయిత్ గొంతు నెమ్మదిగా ఉంది, కోపం వస్తే ఆవిడ గొంతు అలాగే అవుతుంది. బడి నుంచి పిలిపించారట. చాలా రోజులుగా మధ్యాహ్నం భోజనం దగ్గర ప్రిస్కా కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరుచుకుని కూర్చుంటోందట. ఎవరైనా చెంచా అందిస్తే మొహం తిప్పుకుంటుందట. కొత్త చోటు, అలవాటు పడుతుందని ఊరుకున్నారు. బొమ్మలు కూడా ఎడంచేత్తో తీస్తుంటే చూసి, కుడిచేతికి ఏమైనా జబ్బేమోనని లేనా భయపడింది. డాక్టరు వేళ్ళు ముడిచి చూశాడు, మోచెయ్యి వంచి చూశాడు. ఏ లోపమూ లేదన్నాడు. ఆ చెయ్యి ఎందుకు కదపవే అని ఫెయిత్ అడిగితే పిల్ల చెప్పిందట, అది పెద్దమ్మది, పెద్దమ్మ చెప్పలేదు అని.

ఎస్తేరు సూదిని జాకెట్టుకి గుచ్చి పక్కన పెట్టింది.

"నీకాడున్నన్నాళ్ళూ నేనేటీ అన్నేదు," అంది ఫెయిత్. "నా కూతుర్ని నీ కూతురన్నారు జనం, ఊరుకున్నాను. ఇక్కడ దానికి నేను తప్ప ఎవులూ లేరప్పా. నాకూ అది తప్ప ఎవులూ లేరు. దాని సెయ్యి కూడా నువ్వు తీసీసుకుంటే ఎలాగ?"

మరి నాకెవులున్నారే అని అడగాలనిపించింది ఎస్తేరుకి. నోటి దాకా వచ్చింది కూడా. అంతలో తెర ఊగి, ప్రిస్కా మొహం దగ్గరగా వచ్చింది. పిల్ల చిక్కింది. రోజూ చూస్తూనే ఉండి ఈ చిక్కడం ఎలా చూడలేదో ఎస్తేరుకి అర్థం కాలేదు.

"పెద్దమ్మా, బల్లకాడ నోరు తెరిసే ఉంచినాను," అంది ప్రిస్కా. నిష్ఠూరం లేదు, జరిగింది చెప్పిందంతే. "నువ్వు సెప్పనేదు."

మర్నాడు ఎస్తేరు అన్నం కలపలేదు. ఖాళీ చేతులతో ఫోను ముందు కూర్చుంది. ప్రిస్కా కంచం ముందు చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తోంది, వెనకాల ఫెయిత్ చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మలూ, పెద్దమ్మ అబద్ధమాడింది. ఆ సెయ్యి నాది కాదు. నువ్వు పుట్టినకాడి నుంచీ అది నీదే."

"కాదు, నీదే," అంది ప్రిస్కా.

"నాది నాకాడే ఉంది, సూడు." ఎస్తేరు రెండు చేతులూ ఎత్తి చూపించింది. సూది పోట్లు పడ్డ వేళ్ళు, అరచేతులు, రెండు వైపులా తిప్పి చూపించింది.

పిల్ల ఆ చేతుల్ని చూసింది. తన చేతిని చూసుకుంది. తర్వాత ఎయిర్‌పోర్టులో రాని ఏడుపంతా ఇప్పుడొచ్చింది. కంచం తోసేసింది. రైలు ముద్ద, రైలు ముద్ద అని గుక్కపట్టింది. ఒక్కసారి అంటే సరిపోతుంది, ఆ చెయ్యి లేస్తుంది, ఏడుపు ఆగుతుంది. ఎస్తేరు పెదవులు బిగబట్టుకుని కూర్చుంది. ఇక చూడలేక ఫెయితే ఫోను ఆపేసింది.

ఆ తర్వాత ఫోను రాలేదు. తను చేస్తే బాగుండదని ఎస్తేరు చెయ్యలేదు. మధ్యాహ్నం ఏదో ఉన్నది తిని, గిన్నె కడుక్కుని, మళ్ళీ మిషను ముందు కూర్చునేది. కరెంటు లేనప్పుడు ఫోను సత్తిబాబు కొట్లో ఛార్జింగుకి పెట్టి, నాలుగంతస్తులూ ఎక్కి, మళ్ళీ దిగి మోగిందా అని అడిగేది. మోగితే కేకెయ్యనా అమ్మా అని అతను విసుక్కున్నాడు, తర్వాత జాలిపడి టీ ఇచ్చాడు. చర్చిలో గ్రేసమ్మ పిల్లలెలా ఉన్నారని అడిగితే బాగున్నారంది. పిల్ల తినాలని మోకాళ్ళ మీద పడి ప్రార్థించింది. నేను లేకుండా ఎలా తింటుందిలే అని ఆ ప్రార్థన అడుగునే ఇంకో కోరిక ఉంది. అది దేవుడికి వినబడకపోతుందా అని సిగ్గుతో చచ్చిపోయింది.

ఆదివారం ఆరాధన ముగిసి ఇల్లు చేరాక ఫోనొచ్చింది. ఫెయిత్ మొహం తేటగా ఉంది. మొన్న బడిలో ఒక బంగాళాదుంప తిందట. నిన్న ఇంట్లో రెండోసారి పెట్టమని అడిగిందట. లేనా సంతోషపడి ఫోటో కూడా పంపిందట. నేను ఆరోజు అలా అనకుండా ఉండాల్సింది అప్పా అని ఫెయిత్ మొదలుపెట్టబోతే, ఎస్తేరు సాగనివ్వలేదు. ఉల్లిపాయల ధర చెప్పింది, కరెంటు సంగతి చెప్పింది. వాళ్ళు మంచులో ఆడుకోవడానికి బయల్దేరుతున్నారు. టోనీ గుమ్మంలో ఆల్బర్ట్‌కి బూట్లు తొడుగుతున్నాడు. ఇకనుంచి ఇలాగే ఆదివారం మాట్లాడుకుందాం అని ఫెయిత్ అంది, ఎస్తేరు అలాగే అంది.

అంతలో ప్రిస్కా తల్లి చేతిలోంచి ఫోను లాక్కుంది. ఒళ్ళంతా ఎర్ర రబ్బరు బట్టలు, టోపీ. పళ్ళతో పట్టి లాగి కుడిచేతి తొడుగు ఊడదీసి, అయిదు వేళ్ళూ తెర నిండా చాపింది.

"పెద్దమ్మా, ఇది నా సెయ్యి," అంది. "నీది కాదు."

"నీదే అమ్మలూ," అంది ఎస్తేరు. "ఎవులడిగినా ఇయ్యకు."

పిల్ల సరేనని తలూపి, ఆ చేత్తోనే ఎర్ర బటను నొక్కి ఫోను పెట్టేసింది.