తెర వెనక మిషను

ఆ టైలరింగ్ షాపులో కత్తెర కోసం వెతుక్కోవడమంటూ ఉండేది కాదు. మొహం పక్కకు తిప్పుకుని చెయ్యి చాపితే చాలు, బల్ల మీదా ఉంటుంది, కిటికీ గట్టు మీదా ఉంటుంది. తేరిపార చూస్తేనే చిక్కు. అప్పుడది ఏదో ఒకచోటే ఉండిపోతుంది. అందుకే అన్నాచెల్లెళ్లిద్దరూ వీధిలోకి చూస్తూ గుడ్డ కత్తిరించేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా కత్తెర వంక గుడ్లప్పగించి చూస్తే అన్నకు ఒళ్లు మండేది.

సూదులతో మొదలైన ఈ వ్యవహారం కత్తెరకూ, ఇస్త్రీపెట్టెకూ పాకింది. ఆ వానాకాలం నుంచి కుట్టుమిషను కూడా ముందుగదిలోనూ, లోపల మంచం పట్టిన తల్లి పక్కనా ఒకేసారి నడుస్తోంది. ఇంతకన్నా పెద్దవాటికి ఇలా రెండుచోట్ల ఉండటం చేతకాదని అన్న వాదన. మనుషుల సంగతి ఎత్తితే పకపకా నవ్వేవాడు.

ఊరికి ఆ చివరనున్న నాటకశాలలో దుస్తులు కుట్టడానికి చెల్లెల్ని పిలిచారు. చిన్నప్పటి నుంచీ ఆమె కోరుకున్నది అదొక్కటే. అన్న ససేమిరా అన్నాడు.

"నువ్వెళ్తే అమ్మ దగ్గర ఎవరుంటారు?"

"నేనే ఉంటాను."

"మరి అక్కడ?"

"అక్కడా నేనే."

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దన్నాడు. మిషనుకున్నపాటి స్వేచ్ఛ తనకు లేదా అని ఆమె నిలదీసింది. అతను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, రెప్ప వాల్చకుండా ఆమెనే చూడసాగాడు. ఆ చూపు తన మీద ఉన్నంతసేపూ ఆమె ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఉండలేదు. అది అతనికీ తెలుసు.

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. అతను చూస్తుండగానే మందపాటి గుడ్డ తీసి, అంచులు మడిచి కుట్టి, ఇద్దరి మధ్యా తెర కట్టింది. దాని వెనక కూర్చుని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అన్నకు రోషం పొడుచుకొచ్చింది. లేచి తెర అంచు పట్టుకున్నాడు.

"ఒరేయ్, అది ఎత్తావంటే నీ చేతి మెతుకు ముట్టను," అంది లోపలినుంచి తల్లి. ఆమె అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

మిషను ఆగకుండా నడుస్తోంది. తెర ఎత్తితే చెల్లెలు ఇక్కడే ఉండిపోతుంది, తన మాటే నెగ్గుతుంది. అలా నెగ్గాలనుకున్నందుకు అతనికి సిగ్గేసింది. అంచు వదిలేశాడు.

సాయంత్రం టీ కాచి, వీధివైపు మొహం తిప్పుకుని, గ్లాసు తెర కిందుగా జరిపాడు. ఒక చెయ్యి అందుకుంది.

"అక్కడ, నాటకశాలలో పని ఎలా ఉంది?" అని మెల్లగా అడిగాడు.

"రాజుగారి కోటుకి భుజాలు వదులు. విప్పి కుడుతున్నా. మాట్లాడుతూ ఉండు అన్నయ్యా, ఇటు మాత్రం చూడకు."