మల్లమ్మ ఓటు

"నీ ఓటు పడిపోయిందమ్మా. పక్కకు జరుగు," అన్నాడు పోలింగు ఆఫీసరు.

మల్లమ్మ కదల్లేదు. ఎడమ చెయ్యి తెచ్చి బల్లమీద పెట్టింది. రాళ్లు కొట్టీ కొట్టీ కాయలు కాసిన చెయ్యి. వేలిమీద సిరా చుక్క లేదు.

"గిదో సూడు సారూ. నేనెయ్యకుండ నా ఓటెట్ల వడ్తది?"

"ఎవరో వేసేశారు. నన్నేం చెయ్యమంటావ్?"

ఆమె వెనకాల ఫిలింనగర్ గుట్టమీది గుడిసెల జనమంతా ఉన్నారు. పొద్దుటినుంచీ అందరికీ అదే జవాబు. ఏజెంటు కుర్చీలో ఒకడు నవ్వుతున్నాడు.

ఆ గుట్టను పగలగొట్టింది వాళ్లే. జూబ్లీహిల్స్ బంగళాల పునాదుల్లో ఉన్నది వాళ్లు కొట్టిన రాయే. మల్లమ్మ మొగుడు పోచయ్య ఆ రాయి కిందే పడి చనిపోయాడు. ఇప్పుడు గుడిసెలున్న చోటు కూడా బంగళాలకు కావాలి. పార్లమెంటుకు నిలబడ్డ పెద్దమనిషి గుడిసెలు లేపించేస్తానని బంగళాల వాళ్లకు మాటిచ్చాడు. గుడిసెలవాళ్లు కూలీ సంఘం అభ్యర్థికి ఓటెయ్యాలనుకున్నారు.

"మనోడు గెల్వడు గద, ఎందుకేసుడు?" అని తాపీ పనిచేసే నర్సింహ మీటింగులో అడిగాడు.

"గెల్వకుంటె పాయె," అంది మల్లమ్మ. "గీడ మనం ఇంతమందిమి బతుకుతున్నమని ఢిల్లీల తెల్వాలె గదా. ఎవ్వల్లేని జాగ లెక్క కూలగొడ్తమంటుండ్రు."

అంత ఆశతో వచ్చినవాళ్లకు ఆ ఓటే లేకుండా పోయింది.

అప్పుడే పోలింగు జరుగుతున్న ఆ స్కూలు ముందు లారీ ఆగింది. కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు ఆడవాళ్లు దిగుతున్నారు. షూటింగులకు గుంపుల్ని తోలే జానకిరామయ్య వాళ్లకు వేరేవాళ్ల పేర్లున్న ఓటరు చీటీలు పంచుతున్నాడు. అది లారీకి రెండో తిరుగుడు.

"పోచయ్య పెండ్లాన్ని నేను!" గది బయటికి నెట్టేసినా మల్లమ్మ గొంతు చించుకుంటోంది. "నా పేరు జెప్పుకున్నదెవతి?"

లారీ దిగుతున్న కరుణాకుమారి ఆ మాటకు ఆగిపోయింది. ఏలూరు నుంచి వేషాల కోసం వచ్చిన మనిషి. తెరమీద ఎన్నో పెళ్లిళ్లలో నిలబడింది, ఎన్నో శవాల వెనక నడిచింది. ఒక్క డైలాగూ రాలేదు.

చీటీ కిందపడేసి వెళ్లి మల్లమ్మ ఎదుట నిలబడింది.

"నేనేనండీ. మొగుడి పేరడిగితే పోచయ్య అని చెప్పాను."

నర్సింహ చెయ్యెత్తాడు. "మా నోట్లె మన్నుగొట్టి మల్లొచ్చినవా?"

"షూటింగన్నారండీ. లారీ ఎక్కాక ఓట్లకని చెప్పారు. దిగిపోతానంటే రేపట్నుంచి వేషం లేదన్నాడు ఆయన." జానకిరామయ్య వైపు వేలు చూపించింది. ఆ వేలిమీద సిరా చుక్క నల్లగా ఉంది.

మల్లమ్మ నర్సింహ చెయ్యి పట్టి దించింది. కరుణాకుమారి వైపు తిరిగింది.

"నా మొగని పేరు జెప్పినవ్. ఆయన ఎట్ల సచ్చిండో తెల్సా నీకు?"

కరుణాకుమారి ఏడ్చేసింది. "తెలీదండీ."

"గీ రాళ్లకిందనే. ఏడ్వకు. లోపటికి పోయి గదే మాట సారుకు జెప్పు."

చెప్పింది. ఆఫీసరు రాసుకోలేదు. లారీ ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హైమ అనే డాన్సరు చీటీ చింపేసింది. తర్వాత అందరూ చింపారు. జానకిరామయ్య బూతులు తిడుతుంటే వచ్చి గుడిసెల ఆడవాళ్ల పక్కన మట్టిలో కూర్చున్నారు. పోలింగు మళ్లీ పెట్టేదాకా ఓట్ల పెట్టెలు కదలనివ్వం అన్నారు.

సాయంత్రం పెట్టెల కోసం వ్యాను వచ్చింది. దాని వెంట పోలీసులు వచ్చారు. మాటామంతీ లేదు, లాఠీలే. అందరికంటే ముందు కూర్చున్న మల్లమ్మ తలమీద దెబ్బపడింది. కరుణాకుమారి ఆమెను ఒళ్లోకి లాక్కుంది. మల్లమ్మను ఆ ఒడిలోంచి లాగేసి కరుణాకుమారిని జీపెక్కించారు. దొంగ ఓటు వేసినట్టు తనే ఒప్పుకుందట! ఆమెను తోలుకొచ్చినవాడు మాత్రం ఇన్‌స్పెక్టరు పక్కనే నిలబడి సిగరెట్టు ముట్టించాడు.

మళ్లీ పోలింగు పెట్టలేదు. పెద్దమనిషి గెలిచాడు. ఫలితం వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో మల్లమ్మ పోయింది. చివరిదాకా ఆమెకు తెలివి రాలేదు. కోడలు భూలక్ష్మి శవాన్ని గుట్టమీదికి తెచ్చేసరికి పోచయ్య కట్టిన గుడిసె నేలమట్టమై ఉంది. ఆమెను పడుకోబెట్టడానికి గడపైనా మిగల్లేదు.

అదే పొద్దున జానకిరామయ్య లారీ కృష్ణానగర్ సందులోకి వచ్చింది. విజయోత్సవానికి జనం కావాలి. హారన్ కొట్టాడు. రెట్టింపు ఇస్తానన్నాడు. మల్లమ్మ పోయిన కబురు అప్పటికే సందులోకి చేరింది. గదుల్లోంచి మనుషులు బయటికొచ్చారు. డాన్సర్లు, ఫైటర్లు, లైట్లు మోసేవాళ్లు లారీని దాటుకుని గుట్టవైపు నడిచారు. ఒక్కరూ ఎక్కలేదు.

ఏళ్ల తరబడి కెమెరా ముందు ఉత్తుత్తి శవాల వెనక ఏడ్చినవాళ్లు ఆ రోజు మల్లమ్మ పాడె మోశారు. ఎలా ఏడవాలో ఎవరూ చెప్పలేదు. భూలక్ష్మి ముందు నడిచింది. ఊరేగింపు శ్మశానం దారి పట్టకుండా పోలీసు స్టేషను ముందు ఆగింది.

ఇన్‌స్పెక్టరు గేటు మూయించాడు. "ఏంది మీకు గావాల్సింది?"

"మా అత్తను సంపినోన్ని అడుగనీకి వచ్చినం," అంది భూలక్ష్మి.

"మేమూ దొంగ ఓట్లు వేశామండీ," అంది హైమ. "కరుణక్కతో పాటు మమ్మల్నీ రాసుకోండి. మాతో వేయించినవాణ్ణి కూడా రాయండి."

"మర్యాదగ పోతరా, అందర్ని లోపలెయ్యమంటరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పాడె గేటుకు అడ్డంగా దించారు. గుట్టవాళ్లు, కృష్ణానగర్ వాళ్లు దాని చుట్టూ కూర్చున్నారు. ఎండ మండుతోంది. హైమ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అందుకే వచ్చాం సార్. గేటు తియ్యండి."