ముక్కలైన నవల

"కూరగాయలు అయిపోయాయా, పుస్తకం తరుగుతున్నావు?" అన్నాడు భర్త, వంటింటి గుమ్మంలో నిలబడి.

"నవ్వించకండి, చెయ్యి తెగుతుంది," అంది లైబ్రరీ టీచరు.

నవల వీపు మీద కత్తి ఆనించిందే కానీ మనసొప్పడం లేదు. పుట్టి బుద్ధెరిగాక పేజీ మూలయినా మడిచిన మనిషి కాదు. కానీ హెడ్మాస్టరు ఖరాఖండిగా చెప్పేశాడు: "తొమ్మిదో తరగతికి లైబ్రరీ పీరియడంటే కునుకు పీరియడమ్మా. ఈ వారం చూస్తాను. మారకపోతే సోమవారం నుంచి ఆ గంటలో కూడా నేనే లెక్కలు చెప్పేస్తాను."

నడిసముద్రంలో ఓడ మీంచి వంటవాడు మాయమైపోయే కథ అది. బాగుంటుంది, కానీ దాని లావు చూసే పిల్లలు దడుచుకునేవారు. పైగా ఉన్నది ఒక్క కాపీ. ఆమె కళ్లు మూసుకుని కోసేసింది. అధ్యాయానికో ముక్క చొప్పున సూదీదారంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేసింది.

మర్నాడు మొదటి ముక్క వెనకబెంచీ అమ్మాయి చేతిలో పెట్టింది. క్లాసంతా ఆ పిల్లని నిద్రగన్నేరు అంటారు.

"ఇంతేనా మేడమ్?"

"ఇంతే. ప్రశ్నలేం అడగను. నచ్చకపోతే పక్కన పడెయ్."

గంట కొట్టకముందే నిద్రగన్నేరు పరుగెత్తుకొచ్చింది. "వంటవాడు లేకపోతే పొద్దున్నే పొయ్యి ఎవరు వెలిగించారు మేడమ్? రెండోది ఇచ్చెయ్యండి!"

ఇక చూడాలి సంబరం! మెట్ల మీద, కుళాయిల దగ్గర, ఎక్కడ చూసినా ముక్కలు చేతులు మారుతున్నాయి.

"కెప్టెన్ మంచోడేనా?"

"చెప్పావంటే చంపేస్తా!"

"త్వరగా చదవరా బాబూ, నత్తకి తమ్ముడిలా ఉన్నావు!"

టీచరుకి అన్నం తినడం కూడా గుర్తుండట్లేదు.

శుక్రవారం నిద్రగన్నేరు ఏడుపుమొహంతో వచ్చింది. "చివరి ముక్క ఒళ్లో పెట్టుకుని చదువుతుంటే, లెక్కల క్లాసులో సార్ లాక్కున్నారు మేడమ్."

కోసిన పుస్తకం ఆయన కంటపడిందంటే ఇక పీరియడ్ పోయినట్టే. టీచరు గబగబా హెడ్మాస్టరు గదికి నడిచింది. వెనకాలే క్లాసంతా.

"సార్, పుస్తకం కోసింది నేనే. పిల్లల్ని ఏమీ అనకండి."

మూసిన తలుపు వెనక పేజీ తిప్పిన చప్పుడు.

"సార్..."

"ఉండవమ్మా! కెప్టెన్ లాంతరు పుచ్చుకుని కిందికి దిగుతున్నాడు!"

కాసేపటికి తలుపు తెరుచుకుంది. కళ్లజోడు నుదుటి మీదికెక్కింది. "పొయ్యి వెలిగించింది ఎవరో తెలిసింది కానీ..."

"సార్, చెప్పకండి!" క్లాసంతా చెవులు మూసుకుని కేకలు.

"చెప్పన్లే! అసలు ఆ వంటవాడెవడు? మొదటి ముక్క ఎవరి దగ్గరుంది?"

ఒకటి కాదు, పది చేతులు ముక్కల్ని వెనక్కి దాచుకున్నాయి.

"సరే, నాది కూడా ఇవ్వను. సోమవారం లైబ్రరీ పీరియడ్‌లో తేల్చుకుందాం. నాకో కుర్చీ వేసి ఉంచండమ్మా."

"సోమవారం దాకానా!" అని పిల్లలు గొల్లుమన్నారు. టీచరు ఒక్కతే పైటకొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే, "ఏమండీ, ఆ కత్తికి సాన పట్టించుకు రండి," అంది.