నా ఉపన్యాసాలు విన్న ఇద్దరు

కొండ కాపలాదళానికి నేను అధ్యక్షుణ్ణి. దళం మొత్తం ఆరుగురం. అమెరికాలో ఐడహో రాష్ట్రం ఉత్తర కొసన ఉన్న కార్వర్ ఫోర్డ్‌లో నా వృత్తి సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చెయ్యడం. వారానికి ఐదు రోజులు ఊళ్లో కంపును లారీకెక్కించి ఊరవతలికి తోలేవాణ్ణి. శనివారం పొద్దున ట్రాక్టర్ల షాపు వెనక గదిలో కుర్చీ ఎక్కి, నోటితో అంతకంత కంపును మళ్లీ ఊళ్లోకి వదిలేవాణ్ణి. ఇప్పుడు ఇలా అంటున్నాను గానీ, అప్పట్లో దేశాన్ని కాపాడుతున్నాననే నా నమ్మకం.

తొమ్మిదేళ్లపాటు చెప్పింది ఒకటే: ఇది మన తెల్లవాళ్లు కట్టుకున్న దేశం, బయటివాళ్లు వచ్చి లాక్కుంటున్నారు. అదే మాటను నలభై నిమిషాలు సాగదీసేవాణ్ణి. ముసలి క్లీటస్ నేను లేచీ లేవగానే చెవి మిషను ఆపేసుకునేవాడు. డ్వేన్ ప్రూయిట్ మూల కూర్చుని డోనట్లు తినేవాడు. అతను వచ్చేది వాటికోసమే అనుకునేవాణ్ణి. ఇంకో ఇద్దరు చలికాలం పొయ్యి వెచ్చదనానికి వచ్చి, ఎండలు రాగానే మాయమయ్యేవాళ్లు.

మిగిలినవాడు ఓరిన్ ట్యాకెట్. అతనంటే నాకు ప్రాణం. అందరికన్నా ముందొచ్చి, మొదటి కుర్చీలో కూర్చుని, నోటుపుస్తకం తెరిచేవాడు.

"కాస్త నెమ్మదిగా చెప్పు వెర్లిన్. ఆ చివరి మాట మళ్లీ అను" అనేవాడు.

నేను పొంగిపోయి, ఇంకాస్త మసాలా దట్టించి మళ్లీ అనేవాణ్ణి. నాకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు రోజంతా మంచం పక్కన కూర్చున్నది కూడా అతనే.

"చూశావా, నా మాటలకు విలువిచ్చే మనిషి ఒకడున్నాడు" అన్నాను మా ఆవిడ నెల్డాతో.

"ఉంటాడు పాపం, ఏ కర్మ కాలిందో" అంది నెల్డా. "దేశం సంగతి తర్వాత, వంటింట్లో కుళాయి కారడం మొదలై నెలైంది. ముందు దాన్ని కాపాడు."

తొమ్మిదో ఏడాది వసంతంలో సీడర్ వీధిలోని నీలం ఇంట్లోకి మెక్సికో మూలాలున్న డెల్ఫినా ఓచోవా తల్లితో సహా అద్దెకు దిగింది. వృద్ధాశ్రమంలో పనిచేసేది. నేను ఆ ఇంటిని ఫొటో తీసి, కింద "ఈ ఇంట్లో ఎవరుంటున్నారో తెలుసా? చూస్తూ ఊరుకుంటారా?" అని రాసి, రెండు వందల కాగితాలు అచ్చు వేయించాను.

నెల్డా ఒక కాగితం తీసి చూసింది. "ఈ ఇంట్లో ఉంటున్నదెవరో నీకు తెలీదూ? ఆశ్రమంలో మీ అమ్మకి చివరి ఏడాదంతా నీళ్లు పోసి, గోళ్లు తీసిన మనిషి."

"అది వేరు, ఇది వేరు" అన్నాను.

"ఏంటి వేరు? చెప్పు, వింటాను."

నేను కాగితాల కట్ట చంకలో పెట్టుకుని లారీ ఎక్కాను. సాయంత్రానికి రెండు వందలూ పంచేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆ ఇంటి కిటికీలోంచి ఒక రాయి లోపలికి దూసుకుపోయింది. కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న డెల్ఫినా తల్లి చేతిలో గాజు పెంకు దిగింది. పదకొండు కుట్లు పడ్డాయి. రాయి విసిరినవాడు డ్వేన్. పోలీసులు ఎందుకు చేశావని అడిగితే, "ఊరుకుంటారా అని వెర్లిన్ అడిగాడుగా" అన్నాడట. దాంతో ఉసిగొల్పానని నా మీదా కేసు పెట్టారు.

కోర్టులో నా మీద సాక్ష్యం చెప్పడానికి పిలిచినప్పుడు ఓరిన్ లేచాడు. కొత్త కోటు వేసుకున్నాడు. ఐదేళ్లుగా ప్రభుత్వానికి వేగుగా పనిచేస్తున్నానని, అందుకు నెలనెలా జీతం తీసుకున్నానని ప్రమాణం చేసి చెప్పాడు. ఆ తర్వాత నోటుపుస్తకం తెరిచి, మందుల చీటీ చదివినట్టు నా ఉపన్యాసాలు చదివాడు. కుర్చీ మీద నిలబడి అరిచినప్పుడు ఉరుములా వినిపించిన మాటలు ఆ చప్పటి గొంతులో ఎంత వెర్రిగా ఉన్నాయో! జ్యూరీలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకే నవ్వొచ్చేలా ఉంది.

అప్పుడు డెల్ఫినా తల్లి వచ్చి, కుట్ల మచ్చలున్న చేతిని బల్ల మీద పెట్టింది. ఇక ఎవ్వరూ నవ్వలేదు. ఇన్నేళ్లలో నా మాటలు నిజంగా విన్నవాళ్లు ఇద్దరేనని అప్పుడు అర్థమైంది. ఒకడు జీతానికి విన్నాడు, ఇంకొకడు నమ్మి రాయి తీశాడు.

విరామంలో వరండాలో ఓరిన్ ఎదురుపడ్డాడు. సిగ్గు విడిచి అడిగాను. "ఇన్నేళ్లలో ఒక్క రోజైనా నా దగ్గర కూర్చోవడం నచ్చిందా?"

"హాస్పిటల్ రోజు నచ్చింది" అన్నాడు ఆలోచించి. "నువ్వు మత్తులో ఉన్నావు. ఏం మాట్లాడలేదు."

డ్వేన్‌కు రెండేళ్లు పడింది, నాకు ఎనిమిది నెలలు. జైల్లో నా వృత్తి తెలిసి మరుగుదొడ్ల పని అప్పగించారు. అక్కడ ఒక్క ఉపన్యాసం కూడా ఇవ్వలేదు. బుద్ధొచ్చి కాదు, వినేవాడు లేక. బుద్ధి మెల్లగా, ఆ తర్వాతెప్పుడో వచ్చింది. పూర్తిగా వచ్చిందని నెల్డా ఇప్పటికీ ఒప్పుకోదు.

విడుదలైన రెండో వారం సీడర్ వీధికి వెళ్లాను. నెల్డా లారీలోనే కూర్చుంది. నేను మెట్లెక్కి తలుపు తట్టాను.

"ఎవరు?"

"వెర్లిన్ స్ట్రౌడ్‌నమ్మా. క్షమాపణ అడగడానికొచ్చాను."

లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. గొళ్లెం కదల్లేదు.

"వెళ్లిపోండి. మా అమ్మ మీ గొంతు వింటే వణికిపోతుంది."

"పోనీ, ఒక ఉత్తరం రాసి పడేసి వెళ్లనా?"

"వద్దు" అంది డెల్ఫినా. "మీరు రాసింది చాలు."

నోట్లో నాలుగు వాక్యాలు తయారుగా ఉన్నాయి. దారంతా లారీలో వల్లించుకుంటూ వచ్చాను, మంచి వాక్యాలే. వాటిని మింగేసి మెట్లు దిగాను.

"తలుపు తీసిందా?" అంది నెల్డా.

"లేదు."

"మంచి పని చేసింది" అని లారీ తనే స్టార్ట్ చేసింది.